కుహరంలో గాలి

మాటలు ఆగిన మొదటి రోజు

సూర్యుడు భూమికీ మాకూ మధ్య అడ్డంగా వచ్చాడు. ఇక పద్నాలుగు రోజులు అటు నుంచి ఒక్క మాట రాదు, ఇటు నుంచి ఒక్క మాట పోదు. రెండేళ్లకోసారి వచ్చే ఈ మౌనమంటే బాయిలో అందరికీ గుబులే. నాకు మాత్రం సెలవు దొరికినట్టుంటుంది. ఈ అర్థానికి ఆధారమేదీ, ఆ మాటకు మూలమేదీ అంటూ భూమి మీది పదకోశం ఆఫీసువాళ్లు నా ప్రాణం తోడరు.

ఈ చిట్టా కొత్తగా చూసేవాళ్ల కోసం రాస్తున్నాను. నా పేరు గోదారి ఓదెలు. బాయిలో పదకోశం గుమాస్తాని. అంగారకుడి నేల కింద, ఎప్పుడో లావా పారి తొలిచిన సొరంగంలో మేం ఉంటున్నాం. మా తాతల తాతలు బొగ్గు బావుల్లో దిగినవాళ్లు కనుక దీన్ని కూడా బాయి అనే అంటాం. యంత్రం ఏ కొత్త మాట చూపించినా దానికి మన మాట వెతికి, అది ఎక్కడి నుంచి వచ్చిందో, అర్థమేమిటో రాసిపెట్టడం నా పని. నేను రాసిన అర్థం చూసుకుని పంపులు తిప్పేవాళ్లున్నారు, సూదులు వేసేవాళ్లున్నారు. ఇరవై రెండేళ్లలో ఒక్క అర్థాన్ని కూడా వెనక్కి తీసుకోలేదని నాకు కొంచెం పొగరు. కొంచెం అని నేనంటాను, మా చెల్లెలు కనకలత ఒప్పుకోదు.

ఇవాళ గాలి పరీక్ష. గాలి సర్దార్ కొమురెల్లి సబ్బునీళ్ల డబ్బాతో నా గదికి వచ్చి, గోడ అతుకులన్నింటికీ పూసి, బుడగ లేస్తుందేమోనని వంగి వంగి చూశాడు. బాయిలోని ప్రతి గదికీ అతని బోర్డు మీద ఒక దీపం ఉంటుంది. గదిలో గాలి ఉంటే పచ్చ, లేకపోతే ఎరుపు. ముప్పై ఏళ్లుగా ఎరుపు దీపాల వెంట పరిగెత్తడమే అతని బతుకు. అతని తమ్ముడు సూదిమొనంత చిల్లు వల్ల పోయాడు. అప్పటి నుంచి ఇక్కడ ఒక కట్టుబాటు పుట్టింది. గాలి పోయే చిల్లు ఎవరు వేసినా, దేనికి వేసినా, ముందు సర్దార్ సంతకం ఉండాలి.

రెండో రోజు

కనకలతకు దెబ్బ తగిలింది. తను గోడలకు పూత వేసే పని చేస్తుంది. మూడో మలుపు దగ్గర పూతబండి బ్రేకు జారి, ఏటవాలులో దిగొచ్చి దాని పిడి సరిగ్గా ఎడమ పక్కటెముకల మీద గుద్దింది. నేను వెళ్లేసరికి దవాఖానలో మంచం మీద కూర్చుని, బండిని తిడుతూ ఉంది. తిడుతోందంటే బాగానే ఉందని నాకు ధైర్యం వచ్చింది. ఈ గ్రహం మీద నాకున్న నా వాళ్లంటే ఆమె ఒక్కతే.

నర్సు రూతమ్మక్క ఎముక ఒకటి చిట్లిందని చెప్పి, నొప్పికి మందిచ్చి పడుకోబెట్టింది. మాకు డాక్టరు లేడు. వైద్యపెట్టె ఒకటుంది. దానికి కళ్లు ఇక్కడున్నాయి, బుర్ర భూమి మీద ఉంది. ఒంట్లో ఏముందో ఫోటో తీసి చూపిస్తుంది. ఏం చేయాలో చెప్పేవాళ్లు సూర్యుడి అవతల ఉండిపోయారు.

మూడో రోజు

పొద్దున కనకలతకు ఆయాసం మొదలైంది. నాలుగు మాటలకోసారి ఆగుతోంది. రూతమ్మక్క ఆలోచించకుండా ఒత్తిడి గదిలో పెట్టించింది. నేనున్నా అదే చేసేవాణ్ని. బయట పనిచేసి కీళ్లు పట్టేసినవాళ్లను కూర్చోబెట్టి, లోపల గాలి బిగించి, తరవాత మెల్లగా వదిలే ఇనుప గది అది. ఊపిరికి సంబంధించిన ఏ ఇబ్బందికైనా బాయిలో మొదటి మందు అదే. గాలి తక్కువైతే గాలి ఎక్కించాలి, అంతకంటే ఎక్కువ ఎవరూ ఆలోచించరు.

అరగంటలో తేరుకుంది. గాజు కిటికీలోంచి నన్ను చూసి నాలుక బయటపెట్టి వెక్కిరించింది. నలభై ఒక్క ఏళ్ల మనిషి.

నాలుగో రోజు

ఒత్తిడి తగ్గించి బయటికి తెచ్చారు. గది తలుపు తెరిచేసరికి పెదాలు నల్లబడి ఉన్నాయి.

రూతమ్మక్క వైద్యపెట్టెను రొమ్ము మీదికి లాగి ఫోటో తీసింది. తెర మీద రెండు వరసలు వచ్చాయి. ఎడమ పుపుస కుహరంలో గాలి ఉంది, పచ్చ దీపం. కుడి పుపుస కుహరంలో గాలి లేదు, ఎరుపు దీపం. పుపుస కుహరమంటే ఊపిరితిత్తికీ పక్కటెముకల గోడకీ మధ్య ఉండే చోటు. బాయిలో దీపాలన్నీ ఒకే తీరుగా ఉండాలని పోయినేడు కొమురెల్లి పట్టుబట్టి పెట్టెకు కూడా తన బోర్డు రంగులే పెట్టించాడు. అర్థం ప్రకారం సరిగ్గానే ఉందని సంతకం చేసింది నేను. ఆ తరవాత ఆ పెట్టె కింద రొమ్ము చూపించుకున్న మొదటి మనిషి నా చెల్లెలే.

దెబ్బ ఎడమ వైపు తగిలితే కుడి వైపు ఎరుపేమిటని రూతమ్మక్క కంగారు పడింది. గోడకున్న పదకోశం పలక దగ్గరికి వెళ్లి కుహరమన్న మాట తీసి, నాకు వినబడేలా చదివింది. గోడల మధ్య గాలి నిలిచే ఖాళీ చోటు, ఒంటికి కుహరం మనకు బాయి వంటిది. నా వాక్యమే. ఏడేళ్ల కిందట రాసినప్పుడు పిల్లలకు కూడా అర్థమయ్యేలా రాశావని అందరూ మెచ్చుకున్నారు. అయితే కుడి పక్క గాలి తగ్గిందన్నమాట అంది రూతమ్మక్క. నేను తలూపాను. మళ్లీ ఒత్తిడి గదిలో పెట్టాం.

ఐదో రోజు

మొన్నటిలా తేరుకోలేదు. కొంచెం నయమంతే. కుడి వైపుకు గాలి అందాలని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాం. సాయంత్రం బయటికి తీస్తే నిన్నటికంటే అన్యాయంగా ఉంది. మెడ మీద నరాలు తాళ్లలా పొంగాయి. మళ్లీ లోపలికే. గాలి సిలిండర్లు ఇంకొక్కసారికే సరిపోతాయని కొమురెల్లి మనిషి వచ్చి చెప్పి వెళ్లాడు.

ఇవాళ పదకోశం పని ఏమీ చేయలేదు. చేయబుద్ధి కాలేదు.

ఆరో రోజు, మొదటి షిఫ్టు

ఒత్తిడి గది గొట్టంలోంచి కనకలతతో మాట్లాడాను. నేనేదో ధైర్యం చెప్పబోతే వినిపించుకోలేదు.

"అన్నా, లోపల జాగ లేదు. పీల్చుకుందామంటే ఊపిరి పోయేతందుకు చోటే లేదు. నువ్వేమో ఖాళీ అని రాసినవు."

జ్వరం వచ్చి కలవరిస్తోందనుకుని సరే సరే పడుకో అన్నాను. నా గదికి వచ్చి కూర్చున్నాక ఆ మాట లోపల తిరగడం మొదలుపెట్టింది. ఖాళీ చోటు నిండా గాలి ఉన్న మనిషి జాగ లేదని ఎందుకంటుంది?

ఏడేళ్ల కిందటి కాగితాలు తీశాను. కుహరం సంస్కృతం నుంచి వచ్చిన మాట. బిలం, గుహ, రంధ్రం అని అర్థం. పడమటి వైద్యులు ఒంట్లోని పెద్ద కుహరానికి గ్రీకు మాట పెట్టుకున్నారు. బోలుగా ఉన్నదాన్ని గ్రీకులో కొయిలోస్ అంటారు. దాన్నుంచి కొయిలోమా, అంటే గుంట, పల్లం. బడి పుస్తకాల్లో సీలోమ్ అని కనబడేది అదే. గుండె చుట్టూ, పేగుల చుట్టూ, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే చోట్లన్నీ కడుపులో బిడ్డ పెరిగేటప్పుడు ఆ ఒక్క బోలు నుంచే విడిపోతాయట. ఇదంతా నాకు కంఠతా వచ్చు. మూలం రాసేటప్పుడు ముచ్చటపడి రాశాను కూడా.

దాని కింద, నా చేతిరాతతోనే, పెన్సిలుతో కొట్టేసిన నాలుగు వరసలున్నాయి. బతికున్న మనిషిలో ఊపిరితిత్తి మీది పొర, గోడ లోపలి పొర ఒకదానికొకటి అంటుకునే ఉంటాయి. మధ్యలో పలచటి తడి తప్ప ఏమీ ఉండదు. రొమ్ముకు గండి పడి గాలి జొరబడితేనే అవి విడిపోయి, ఊపిరితిత్తి ముడుచుకుపోయి, ఆ చోటు కంటికి కనిపిస్తుంది.

అంటే ఆ పేరు పెట్టినవాళ్లు చూసింది కోసి తెరిచిన శరీరాల్లో అయి ఉంటుంది. తెరిచారు గనక బోలు కనిపించింది. కనిపించింది గనక గుహ అన్నారు. మేం గుహలో బతికేవాళ్లం. గుహ అనగానే మాకు గాలి ఉండాలి. ఆ నాలుగు వరసలు పిల్లలకు తికమకగా ఉంటాయని కొట్టేసి, వాటి చోట బాయి పోలిక పెట్టాను.

ఆరో రోజు, రెండో షిఫ్టు

చదివింది నిజమో కాదో నాకు రుజువు కావాలి. ఏడేళ్ల కిందట ఆ కాగితాన్నే కాదనుకున్నవాణ్ని, ఇవాళ ఆ కాగితాన్ని నమ్మి చెల్లెలి ఒంట్లో చేయి పెట్టలేను.

దవాఖానకు వెళ్లి చొక్కా విప్పి, నాకు ఫోటో తీయమన్నాను. రూతమ్మక్క నా మొహం చూసి మీట నొక్కింది. ఎడమ కుహరంలో గాలి లేదు, ఎరుపు. కుడి కుహరంలో గాలి లేదు, ఎరుపు. నేను మామూలుగా ఊపిరి పీలుస్తూ ఆ రెండు ఎర్ర దీపాలనూ చూస్తూ ఉండిపోయాను. అక్కను పడుకోమని నేను మీట నొక్కాను. ఆమెకూ రెండూ ఎరుపే.

ఆమె మంచం మీద లేచి కూర్చుని చెప్పింది. తను నేర్చుకున్నది వర్కుషాపులో పోతపోసిన బొమ్మ మీద. ఆ బొమ్మలో ఊపిరితిత్తికీ గోడకీ మధ్య చేయి దూరేంత సందుంది. రొమ్ములో దెబ్బ ఏదొచ్చినా ఇన్నేళ్లూ భూమి మీది డాక్టరు పంపిన మాట విని ఈమె చేసింది. ఎరుపు ఉన్న కుడి పక్కే మంచి పక్కన్నమాట. ఎడమ పక్క చిట్లిన ఎముక ఊపిరితిత్తిని గుచ్చి గాలి జొరబడి ఉండాలి. మూడు రోజులుగా మేం దాన్ని బాగుచేస్తున్నాం.

"ఓదెలూ, మనం లోపల గాలి బిగించినప్పుడల్లా అది పిల్ల ఎడమ రొమ్ములకే పోయి కూసుంటున్నదా?" అంది.

తీసేయడం ఎట్లా అని అడిగాను. అన్నింటికంటే లావు సూది గుచ్చి వదిలేయాలేమోనంది. ఎప్పుడూ చేయలేదంది. ఒకవేళ మనం పొరబడి ఉంటే ఆ సూదితో మంచి ఊపిరితిత్తికే చిల్లు పొడిచినట్టవుతుందని కూడా చెప్పింది. పైగా అది గాలి పోయే చిల్లు. కొమురెల్లి సంతకం కావాలి.

ఏడో రోజు, మొదటి షిఫ్టు

కొమురెల్లి బోర్డు గదికి రెండు ప్లాస్టిక్ కాగితాలూ ఒక గిన్నెలో నీళ్లూ పట్టుకుని వెళ్లాను. కాగితాలు తడిపి ఒకదాని మీద ఒకటి అంటించి, లాగమన్నాను. జారాయి గానీ విడిపోలేదు. అంచు దగ్గర గోరు పెట్టి గాలి పోనిచ్చేసరికి చటుక్కున విడివడ్డాయి. ఊపిరితిత్తి గోడకు ఇట్లా అంటుకుని ఉండాలి, గాలి జొచ్చి ఇట్లా విడిపోయిందని చెప్పాను. అతను కాగితాల వైపు కాకుండా బోర్డు వైపు చూస్తూ విన్నాడు.

"ఓదెలన్నా, ముప్పై ఏండ్లసంది చిల్లులు మూసిన చెయ్యి ఇది. మనిషికి చిల్లు పొడువుమని సంతకం పెట్టమంటవా?"

"పెట్టుమంటున్న. నేను రాసిన అర్థం తప్పు. నా తప్పుకు నా చెల్లె పోతున్నది."

ఆ మాట ఎట్లా అనాలా అని రాత్రంతా భయపడ్డాను. తీరా చాలా సులువుగా వచ్చేసింది. సిగ్గు కూడా వేయలేదు. అతను ఒప్పుకుంటాడా లేదా అన్న ఒక్క భయమే మిగిలింది.

కొమురెల్లి ఆ కాగితాలను మళ్లీ తడిపి అంటించి, తనే గోరుతో విడదీశాడు. తరవాత, గది లోపలున్నప్పుడు నయంగా ఉండి బయటికి తెస్తే ప్రాణం మీదికి వస్తోందా అని అడిగాడు. ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువగానా అని అడిగాడు. అవునన్నాను.

"అటుకుల పొట్లం ఒత్తిడి గదిలకు తీస్కపోతే చిక్కుతది. బయటికి తెస్తే ఉబ్బుతది. లోపలనే ఇంత గాలి ఎక్కించి మూతి కట్టి తెచ్చినమంటే పగులుతది. ఇది మొదలే నన్నెందుకు అడగలేదన్నా?"

పుస్తకంలో అర్థం ఉండగా మనిషిని అడగడం నాకు అలవాటు లేదు. అతను కాగితం మీద సంతకం పెట్టి, తనూ వస్తానని లేచాడు.

ఏడో రోజు, రెండో షిఫ్టు

సిలిండర్లు అయిపోయాయి. గది తలుపు తెరిచి కనకలతను మంచం మీదికి చేర్చాం. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కనకలత కళ్లు తెరిచే ఉన్నాయి కానీ మమ్మల్ని చూడటం లేదు. ఎడమ రొమ్ము ఉబ్బి కదలకుండా ఉంది. గొంతు ముందుండే ఊపిరి గొట్టం కుడి వైపుకు ఒరిగింది. రూతమ్మక్క ఎడమ వైపు వేలితో తట్టింది, ఖాళీ డబ్బాలా మోగింది. కుడి వైపు అట్లా మోగలేదు. నాడి అందడం లేదంది. ఎడమ కాలర్ ఎముక మధ్య నుంచి వేలు కిందికి జార్చి, రెండో పక్కటెముకకూ మూడోదానికీ మధ్య సందు పట్టుకుని, మూడో ఎముక పైఅంచును ఆనించి సూది దించింది. నేను చెల్లెలి చేయి పట్టుకున్నాను. మంచం అవతల కొమురెల్లి నిలబడ్డాడు.

సూది సగం పైగా దిగాక, బుస్సుమని గాలి తన్నుకొచ్చింది.

ఆ చప్పుడు గురించి బాయిలో పుట్టినవాళ్లకు చెప్పనక్కరలేదు. నడక రాకముందే దానికి భయపడటం నేర్పుతాం. తలుపు దగ్గరున్న దవాఖాన పనివాళ్లిద్దరూ అప్పుడే గాలి ముసుగులు లాక్కుని తగిలించుకున్నారు. రూతమ్మక్క కళ్లు మూసుకుంది గానీ సూది వదల్లేదు. కొమురెల్లి బొటనవేలు తనంతట తానే సూది మూతి మీదికి వెళ్లింది. నేను అతని మణికట్టు పట్టుకున్నాను. ఇనుపకడ్డీలా ఉంది, నా బలానికి ఆగేది కాదు. అతను నావైపు చూశాడు, తన వేలి వైపు చూసుకున్నాడు, దవడలు బిగించి చేయి వెనక్కి తీసుకుని వీపు వెనక కట్టేసుకున్నాడు. గాలి పోతూనే ఉంది. ఎన్ని క్షణాలో నాకు తెలియదు, ఎవరూ లెక్కపెట్టలేదు.

మెడ మీది నరాలు ముందు దిగాయి. తరవాత కనకలత రొమ్ము రెండు వైపులా లేచింది. ఇంత లోతుగా ఆమె ఊపిరి తీసుకోవడం ఐదు రోజుల్లో నేను చూడలేదు. రూతమ్మక్క చేతి తొడుగు వేలు కత్తిరించి, కొసకు చిన్న గాటు పెట్టి సూది మూతికి కట్టింది. గాలి బయటికి పోతుంది కానీ లోపలికి రాలేదు. ఆ తరవాత నేల మీద కూర్చుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కొమురెల్లి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఎనిమిదో రోజు

రొమ్ములోంచి సన్నని గొట్టం వేసి, కొస సీసాలో నీళ్ల కింద ఉంచారు. దగ్గినప్పుడల్లా నీళ్లలో బుడగలొస్తున్నాయి. ప్రతి బుడగకూ నేను లేచి నిలబడుతున్నాను. అది మంచి బుడగని రూతమ్మక్క నాకు పదిసార్లు చెప్పింది. పెట్టెకున్న రంగు దీపాలను కొమురెల్లి తనే వచ్చి పీకించాడు.

కనకలత దిండ్లకు ఆనుకుని కూర్చుంది. అంతా చెప్పాను. ఆ వాక్యం నాదేనని, కొట్టేసిన నాలుగు వరసలు కూడా నావేనని చెప్పాను. తిడుతుందనుకున్నాను, ఎదురుచూశాను కూడా. తిట్టలేదు.

"జాగ లేదని చెప్పిన కదా నీకు. జ్వరమనుకున్నవా?"

అవునన్నాను.

పదకోశం పుస్తకం తెమ్మంది. కలం తీయమంది. పాత వాక్యం మీద నన్నే గీత గీయమని, గీసేదాకా ఊరుకుంది. తరవాత తను చెబుతుంటే రాయమంది. ఇరవై రెండేళ్లలో ఏ మాట అర్థాన్నీ నేను మనిషి నోటి నుంచి విని రాయలేదు. సీసాలో నీళ్లు ఒకసారి బుడబుడలాడి ఆగాయి.

"పుపుస కుహరం," అంది. "ఊపిరితిత్తికీ గోడకూ నడుమ. బతికున్నోళ్లకు అక్కడ జాగ ఉండది. రెండూ అంటుకునే ఉంటయి. ఒకవేళ గాలి జొచ్చిందంటే..."

అక్కడ ఆగి ఊపిరి తీసుకుంది. నేను కలం కాగితం మీద ఆనించి ఆగాను.